అని, అనడం, అన్న: మూడు ఇంగ్లీషు పాఠాలు తెలుగు పిల్లల దగ్గర ఎక్కడ చిక్కుపడతాయి

పదో తరగతి నోటుపుస్తకాలు దిద్దేటప్పుడు ఒకే తప్పు ఇరవై పుస్తకాల్లో ఒకే తీరుగా కనిపిస్తే, దాని వెనక పిల్లలకు తెలిసిన లెక్క ఏదో ఉందని అనుకోవాలి. శ్రీకాకుళానికి దగ్గర్లోని ఒక ఉన్నత పాఠశాలలో ఇంగ్లీషు చెబుతున్న రోజుల్లో 'రవి సెడ్ టు మీ, "ఐ విల్ కమ్ టు యువర్ హౌస్ టుమారో"' అన్న మామూలు వాక్యాన్ని ఇచ్చి రిపోర్టెడ్ స్పీచ్‌లోకి మార్చమన్నాను. సగానికి పైగా పిల్లలు 'రవి టోల్డ్ మీ దట్ ఐ విల్ కమ్ టు యువర్ హౌస్ టుమారో' అని రాశారు. 'సెడ్ టు' తీసి 'టోల్డ్' పెట్టారు, కొటేషన్ గుర్తులు తీసి 'దట్' పెట్టారు, మిగతాది ముట్టుకోలేదు. ఎర్ర సిరాతో సున్నా చుట్టబోతుంటే ఒక అమ్మాయి లేచి, "రేపొస్తానని చెప్పాడు అనే కదా మాస్టారూ అంటాం? వస్తాను అంటే ఐ విల్ కమ్మే కదా?" అని అడిగింది. ఆ ప్రశ్నకు జవాబు చెప్పడానికి ఇంగ్లీషు గ్రామర్ ఒక్కటే చాలదని నాకు అప్పుడు తెలిసింది.

ఈ చిక్కు ఇప్పుడు పదో తరగతి గది దాటి బయటికి వచ్చింది. ఒక పేజీలో ఇంగ్లీషు, ఎదుటి పేజీలో తెలుగు ఉండే ద్విభాషా పాఠ్యపుస్తకాలు 2020-21 నుంచి రాష్ట్రంలో వాడుకలోకి వచ్చాక, పిల్లలు రెండు భాషల వాక్యాలనూ పక్కపక్కన పెట్టి చూస్తున్నారు. టెట్ మొదటి పేపరులో 150 మార్కులకు 30 ఇంగ్లీషువే. 16,347 పోస్టులతో 2025లో వచ్చిన మెగా డీఎస్సీ కోసం శ్రీకాకుళం, విజయనగరం కోచింగ్ సెంటర్లలో నెలల తరబడి కూర్చున్నవాళ్ళు బట్టీపట్టిన పట్టికల్లో రిపోర్టెడ్ స్పీచ్, జెరండ్, పార్టిసిపుల్ అన్న మూడు పాఠాలూ ముందు వరసలో ఉంటాయి. ఆ పట్టికలు మార్కులు తెచ్చిపెడతాయేమో గానీ, ఆ అమ్మాయి అడిగిన ప్రశ్నకు మాత్రం జవాబు చెప్పవు.

ఒకే ధాతువులో మూడు పాఠాలు

ముందుగా మాటల అర్థాలు చూద్దాం. ఒకరు అన్న మాటను వారి నోటి మాటగా కాకుండా మన మాటల్లో చేరవేయడం రిపోర్టెడ్ స్పీచ్. తెలుగు వాచకాల్లో దీన్నే పరోక్ష కథనం అంటారు. క్రియ నామవాచకంగా మారి, కర్తగానో కర్మగానో నిలబడితే అది జెరండ్. 'స్విమ్మింగ్ ఈజ్ గుడ్' అన్నప్పటి 'స్విమ్మింగ్' లాంటిదన్నమాట. తెలుగులో 'ఈత కొట్టడం' అనే రూపం చాలావరకు ఈ పని చేస్తుంది. క్రియ విశేషణంగా మారి నామవాచకాన్ని వర్ణించినా, వాక్యాన్ని ముగించకుండా మరో క్రియకు తోడుగా నిలిచినా అది పార్టిసిపుల్. తెలుగులో ఈ పనిని ఒక రూపం కాదు, ఒక కుటుంబమే చేస్తుంది. 'చేసి' అనేది క్త్వార్థకం, 'చేస్తూ' అనేది శత్రర్థకం, 'చేసిన', 'చేస్తున్న', 'చేసే' అనేవి క్రియాజన్య విశేషణాలు. పిల్లలు ఈ పేర్లను తెలుగు పీరియడ్‌లో చదువుతూనే ఉంటారు గానీ, వాటిని ఇంగ్లీషు పీరియడ్‌లోకి ఎవరూ పిలవరు.

ఈ మూడు పాఠాలనూ 'అను' అనే ఒక్క తెలుగు ధాతువులో చూపించవచ్చు. 'వస్తానని చెప్పాడు' అనడంలో ఉన్న 'అని' నిజానికి 'అను' ధాతువు క్త్వార్థకమే. తినుకు తిని, వినుకు విని ఎలాగో అనుకు అని అలాగే. అంటే మనం రిపోర్టెడ్ స్పీచ్ చెబుతున్న ప్రతిసారీ ఒక పార్టిసిపుల్‌ను వాడుతున్నాం. 'అలా అనడం తప్పు' అన్నప్పుడు అదే ధాతువు జెరండ్ అవుతుంది. 'వాడు అన్న మాట' అన్నప్పుడు విశేషణం అవుతుంది. ఇంగ్లీషు పుస్తకంలో మూడు వేరువేరు యూనిట్లలో ఉన్నవి మన నోట ఒకే కుదురు నుంచి వస్తున్నాయి. అందుకే ఒక పాఠంలో పడిన ముడి మరో పాఠంలోనూ తగులుతూ ఉంటుంది.

'వస్తాను' అన్నది ఎవరు?

అమ్మాయి ప్రశ్నకు వద్దాం. తెలుగు వాచకం ప్రకారం '"నేను రేపు వస్తాను" అని రవి అన్నాడు' అన్నది ప్రత్యక్ష కథనం. దాన్ని పరోక్ష కథనంలోకి మారిస్తే 'తాను మర్నాడు వస్తానని రవి అన్నాడు' అవుతుంది. ఇక్కడ 'నేను' కాస్తా 'తాను' అయింది గానీ క్రియ మాత్రం 'వస్తాడు' కాలేదు. 'తాను వస్తాడని' అని తెలుగువాళ్ళం అనం. సర్వనామం చెప్పేవాడి వైపుకు జరిగింది, క్రియ తుది మాత్రం రవి నోట్లోనే ఉండిపోయింది. పరోక్ష కథనమని పేరు పెట్టుకున్న దానిలో ప్రత్యక్ష కథనం సగం మిగిలే ఉందన్నమాట. వ్యవహారంలో 'తాను' కూడా అనకుండా 'రేపొస్తానన్నాడు' అని ముగిస్తాం కాబట్టి ఆ సగమే పూర్తిగా కనిపిస్తుంది.

కాలం సంగతీ అంతే. 'వస్తాను' అన్న మాట నిన్న అన్నా, పోయిన ఏడాది అన్నా 'వస్తానని అన్నాడు' అనే చెబుతాం. తెలుగులో 'అని' ఒక పెట్టెలాంటిది. అందులో పెట్టిన వాక్యం దాని కాలంతో, దాని పురుషతో, తరచుగా దాని 'రేపు', 'ఇక్కడ'లతో సహా అలాగే ఉంటుంది. ఇంగ్లీషులో కొటేషన్ గుర్తులు తీసేశాక అలాంటి పెట్టె మిగలదు. మాట మొత్తాన్ని చెప్పేవాడు తాను నిలబడిన చోటి నుంచి కొత్తగా కొలవాలి. 'హీ' అనాలా 'ఐ' అనాలా, 'విల్' అనాలా 'వుడ్' అనాలా, 'టుమారో' అనాలా 'ది నెక్స్ట్ డే' అనాలా అన్నవన్నీ ఆ ఒక్క కొలత నుంచే పుడతాయి. పట్టికల్లో ఇవి మూడు నాలుగు వేరువేరు నియమాలుగా కనిపించడం వల్ల పిల్లలు ఒకటి గుర్తుపెట్టుకుని మరొకటి వదిలేస్తారు.

ఒక ఉదాహరణ తీసుకుందాం. శ్రీకాకుళం ఆర్టీసీ కాంప్లెక్సులో ఒకాయన ఉదయం తొమ్మిదింటికి "పలాస బస్సు ఇప్పుడే వెళ్ళిపోయింది, ఇంకో అరగంటలో ఇక్కడికే ఇంకోటి వస్తుంది" అని మీతో అన్నారు. తొమ్మిదీ పదికి అదే ప్లాట్‌ఫారం మీద మీ పక్కన కూర్చున్నవాళ్ళకు ఆ మాట చేరవేస్తే 'హీ సెడ్ ది పలాస బస్ హాజ్ జస్ట్ లెఫ్ట్ అండ్ అనదర్ విల్ కమ్ హియర్' అనడంలో తప్పేమీ లేదు. చోటు అదే, ఎదురుచూపు ఇంకా అయిపోలేదు. అదే మాటను సాయంత్రం ఇంటికి వెళ్ళి చెబితే 'హీ సెడ్ ది పలాస బస్ హాడ్ జస్ట్ లెఫ్ట్ అండ్ అనదర్ వుడ్ కమ్ దేర్ ఇన్ హాఫ్ యాన్ అవర్' అవుతుంది. ఆయన అన్న మాట మారలేదు. మీరు నిలబడిన చోటు, మీ గడియారం మారాయి. కాలాన్ని వెనక్కి జరపడం అనే నియమం వాక్యం మీద చేసే శస్త్రచికిత్స కాదని ఈ రెండు వాక్యాలను బోర్డు మీద పక్కపక్కన రాస్తే తొమ్మిదో తరగతి పిల్లలకు కూడా తెలుస్తుంది.

చాలా పుస్తకాలు 'సార్వకాలిక సత్యాలకు కాలం మారదు' అని ఒక మినహాయింపు ఇచ్చి ఊరుకుంటాయి. భూమి గుండ్రంగా ఉండటం దగ్గరే ఆ మినహాయింపు ఆగిపోదు. 'మా నాన్న పలాసలో జీడిపప్పు ఫ్యాక్టరీలో పని చేస్తున్నారు' అని ఒక అమ్మాయి చెప్పిందనుకోండి. ఆయన ఇప్పటికీ అక్కడే పని చేస్తుంటే 'షీ సెడ్ హర్ ఫాదర్ వర్క్స్ ఇన్ పలాస' అన్నా 'వర్క్డ్' అన్నా ఇంగ్లీషువాళ్ళకు సమ్మతమే. 'వర్క్స్' అంటే ఆ సంగతి ఇప్పటికీ నిజమేనని చెప్పేవాడు ఒప్పుకున్నట్టు, 'వర్క్డ్' అంటే ఆ అమ్మాయి అన్నది అన్నట్టు అప్పజెప్పి తాను పక్కకు తప్పుకున్నట్టు. పరీక్షలో 'వర్క్డ్' రాయడమే క్షేమం, అది వేరే సంగతి.

ప్రతి 'అని'కీ 'దట్' పెడితే

'నువ్వు ఎక్కడికి వెళ్తున్నావని అడిగాడు' అన్న వాక్యాన్ని పిల్లలు 'హీ ఆస్క్డ్ మీ దట్ వేర్ ఆర్ యు గోయింగ్' అని రాస్తారు. ఈ 'దట్' ఎక్కడి నుంచి వచ్చిందో వేరే చెప్పనక్కర్లేదు, అది మన 'అని'. తెలుగులో మాటకైనా ప్రశ్నకైనా ఆజ్ఞకైనా 'అని' ఒక్కటే. ఇంగ్లీషులో మామూలు మాటకు 'దట్' వస్తుంది, అదీ తరచుగా వదిలేయవచ్చు. అవును, కాదు అని జవాబు వచ్చే ప్రశ్నకు 'ఇఫ్' గానీ 'వెదర్' గానీ కావాలి. 'వేర్', 'వై' లాంటి మాటతో మొదలైన ప్రశ్నకు ఆ మాటే కొక్కెంలా పనిచేస్తుంది, మరోటి అక్కర్లేదు. పైగా ప్రశ్న చేరవేతగా మారాక అది ప్రశ్న కాదు కాబట్టి పదక్రమం మామూలు వాక్యంలాగే ఉండి 'హీ ఆస్క్డ్ మీ వేర్ ఐ వజ్ గోయింగ్' అవుతుంది. తెలుగులో ప్రశ్నకూ మామూలు వాక్యానికీ పదక్రమం తేడా లేదు కనుక, ఇంగ్లీషులో అది తారుమారవుతుందన్న సంగతి మన చెవికి ఆనదు.

ఆజ్ఞల దగ్గర మాత్రం తెలుగు మనకు అనుకోని సాయం చేస్తుంది. 'రా' అన్న మాటను 'రమ్మన్నారు' అంటాం, 'కూర్చో' అన్నదాన్ని 'కూర్చోమన్నారు' అంటాం, 'వెళ్ళకు' అన్నదాన్ని 'వెళ్ళొద్దన్నారు' అంటాం. ఇక్కడ తెలుగు కూడా పెట్టె తెరిచి మాటను మార్చేస్తోంది. 'టోల్డ్ మీ టు కమ్', 'టోల్డ్ మీ నాట్ టు గో' అన్నవి ఈ రూపాలకు దాదాపు జంట. పుస్తకాలు మామూలు వాక్యాలతో మొదలుపెట్టి ఆజ్ఞలను చివర్లో చెబుతాయి. తెలుగు పిల్లలకైతే 'రమ్మన్నారు'తో మొదలుపెట్టి 'వస్తానన్నాడు' దగ్గరికి రావడం సులువని నా అనుభవం.

'అని' చేసే పని ఇంకా ఉంది. 'వానొస్తుందని గొడుగు తెచ్చాను' అన్నప్పుడు ఎవరూ ఏమీ అనలేదు, మనసులో అనుకున్నదే కారణం అయింది. ఇంగ్లీషులో దానికి 'థింకింగ్ దట్ ఇట్ వుడ్ రెయిన్' అని పార్టిసిపుల్ తగిలించాలి, లేదా 'బికాజ్' అని కారణాన్ని తేల్చి చెప్పాలి. ఇక 'వాడు వస్తాడంట' అన్న 'అంట' సంగతి. మన జిల్లాల్లో రోజుకు వందసార్లు వినిపించే ఈ చిన్న మాట ఎవరో చెప్పగా విన్నానని ఒప్పుకుంటుంది గానీ, ఎవరు చెప్పారో చెప్పదు. ఇంగ్లీషులో దానికి క్రియ తుది లేదు. 'దే సే', 'అపారెంట్లీ', 'ఐ హియర్' అని వేరే మాట తెచ్చుకోవాలి. 'అంట'ను ఇంగ్లీషులోకి ఎలా తీసుకెళ్ళాలో ఏ పట్టికలోనూ ఉండదు.

మార్పిడి అభ్యాసం మీద రెండు వాదనలు

కొటేషన్‌లో ఉన్న వాక్యం ఇచ్చి మార్చమనే అభ్యాసాన్ని చాలామంది ఉపాధ్యాయులు యాంత్రికమని విమర్శిస్తారు. నిజ జీవితంలో ఎవరూ కొటేషన్ గుర్తుల మధ్య ఉన్న మాటను తీసుకుని మార్చరని, విన్న సారాంశాన్ని చెబుతారని, 'సెడ్ టు' అయితే 'టోల్డ్' అని బట్టీపట్టిన పిల్లవాడికి 'ప్రామిస్డ్', 'రిఫ్యూజ్డ్', 'వార్న్డ్' లాంటి క్రియలు ఎప్పటికీ అలవాటు కావని వారి వాదన. 'రేపు తప్పకుండా వస్తాను' అన్నదాన్ని 'హీ ప్రామిస్డ్ టు కమ్' అని నాలుగు మాటల్లో తేల్చగలిగినవాడికే ఈ పాఠం వచ్చినట్టు.

రెండో వైపు వాదన కూడా తేలిగ్గా తీసిపారేయదగ్గది కాదు. అరవై మంది ఉన్న గదిలో సారాంశం చెప్పించడం, దాన్ని దిద్దడం ఒక్క పీరియడ్‌లో అయ్యే పని కాదు. మార్పిడి అభ్యాసంలో తప్పు ఎక్కడ జరిగిందో వేలుపెట్టి చూపించవచ్చు, మార్కు వేయడంలో పక్షపాతానికి చోటుండదు. ఇంట్లో ఇంగ్లీషు వినే అవకాశం లేని పిల్లలకు ముందు ఒక చట్రం కావాలని, అర్థవంతమైన వాడుక తర్వాత వస్తుందని వీరంటారు. ఈ రెండింటిలో ఏదో ఒకదానినే ఎంచుకోవాల్సిన అవసరం నాకు కనబడదు. కానీ చట్రాన్ని ఇచ్చేటప్పుడు ఎవరు, ఎప్పుడు, ఎక్కడ నిలబడి చెబుతున్నారన్న ఒక్క వాక్యాన్ని ప్రశ్నకు ముందు చేర్చకపోవడం మాత్రం ప్రశ్న తయారుచేసేవారి బద్ధకమే.

'డం' ఒక్కటే, దారులు రెండు

జెరండ్ పాఠంలో అసలు చిక్కు నిర్వచనంలో లేదు. క్రియ తర్వాత వచ్చే రెండో క్రియకు 'ఇంగ్' చేర్చాలా, ముందు 'టు' పెట్టాలా అన్నది చిక్కు. 'ఈత కొట్టడం ఇష్టం', 'ఈత కొట్టడం వచ్చు', 'ఈత కొట్టడం మర్చిపోయాను' అని తెలుగు మూడుచోట్లా ఒకే 'డం'తో సరిపెడుతుంది. ఇంగ్లీషులో 'ఎంజాయ్' తర్వాత 'స్విమ్మింగ్' రావాలి. 'నో' (know) తర్వాత 'హౌ టు స్విమ్' రావాలి. మూడో వాక్యం అర్థాన్ని బట్టి రెండు ముక్కలవుతుంది.

ఆ మూడోదాన్ని దగ్గరగా చూద్దాం. 'తాళం వేయడం మర్చిపోయాను' అంటే తాళం పడలేదు. ఇంగ్లీషులో అది 'ఐ ఫర్గాట్ టు లాక్ ది డోర్'. తెలుగు 'వేయడం' అంటోంది కదా అని 'ఐ ఫర్గాట్ లాకింగ్' అంటే, తాళం వేశాను గానీ వేసిన సంగతే గుర్తులేదు అన్న అర్థం వస్తుంది. తలుపు తెరిచి ఉందా మూసి ఉందా అన్నది ఒక్క 'ఇంగ్' మీద ఆధారపడి ఉందన్నమాట. 'స్టాప్' దగ్గర మాత్రం తెలుగు విభక్తి దారి చూపిస్తుంది. 'టీ తాగడానికి ఆగాడు' అంటే 'స్టాప్డ్ టు డ్రింక్ టీ', 'టీ తాగడం మానేశాడు' అంటే 'స్టాప్డ్ డ్రింకింగ్ టీ'. ఏడు రోడ్ల కూడలిలో టీకొట్టు దగ్గర ఆగిన మనిషిని, వైద్యుడు వద్దన్నాడని టీ మానేసిన మనిషిని బొమ్మ గీసి చూపిస్తే ఈ తేడా ఎవరూ మర్చిపోరు.

జరిగిపోయినదానికి, అనుభవంలో ఉన్నదానికి 'ఇంగ్', జరగబోయేదానికి 'టు' అని కొందరు ఒక సూత్రం చెబుతారు. 'హోప్', 'వాంట్', 'డిసైడ్' దగ్గర అది బాగానే పనిచేస్తుంది. 'సజెస్ట్', 'కన్సిడర్', 'అవాయిడ్' జరగని పనుల గురించే మాట్లాడతాయి, అయినా 'ఇంగ్' కోరతాయి. 'మేనేజ్' జరిగిపోయిన పని గురించి చెబుతూ 'టు' కోరుతుంది. కాబట్టి ఇది సూత్రం కాదు, ఒక వాలు మాత్రమే. మిగిలింది వాడుకతో వంటబట్టాల్సిందే.

పెద్దవాళ్ళు కూడా తేల్చుకోని ముడి ఇక్కడే ఒకటుంది. 'వాడు రావడం నాకిష్టం లేదు' అన్నదానికి 'హిజ్ కమింగ్' అనాలా, 'హిమ్ కమింగ్' అనాలా? ఇంగ్లీషు నిఘంటుకారుడు ఫౌలర్ 1926లో 'హిమ్'ను గట్టిగా ఖండించాడు, డెన్మార్క్ భాషావేత్త యెస్పర్సన్ దాన్ని సమర్థించాడు. రాతలో 'హిజ్', మాటలో 'హిమ్' ఇప్పటికీ నడుస్తున్నాయి. తెలుగువారికి ఈ గొడవ వింతగా తోచనక్కర్లేదు. 'వాడి రాక' అన్నప్పుడు షష్ఠి, 'వాడు రావడం' అన్నప్పుడు ప్రథమ. మనమూ రెండింటినీ వాడుతున్నాం, కాకపోతే ఒక్కోదానికి ఒక్కో రూపం కేటాయించి తగాదా లేకుండా చేసుకున్నాం.

మరిగే నీళ్ళు, తాగే నీళ్ళు

'ఇంగ్' రూపం ఒకటే అయినప్పుడు జెరండ్ ఏదో, పార్టిసిపుల్ ఏదో ఎలా తెలుస్తుంది? 'బాయిలింగ్ వాటర్' అంటే మరుగుతున్న నీళ్ళు, 'డ్రింకింగ్ వాటర్' అంటే తాగడానికి పనికొచ్చే నీళ్ళు. మొదటిదానిలో మరిగే పని నీళ్ళే చేస్తున్నాయి కనుక అది పార్టిసిపుల్. రెండోదానిలో నీళ్ళు ఏమీ తాగడం లేదు, అది తాగడమనే పనికి సంబంధించిన నీరు, కనుక జెరండ్. తెలుగులో 'మరిగే నీళ్ళు', 'తాగే నీళ్ళు' అని రెండింటికీ ఒకే రూపం ఉంది గానీ, నీళ్ళు ఆ పని చేస్తున్నాయా అన్న ప్రశ్న వేసుకుంటే తేడా తెలుగులోనే తేలిపోతుంది. పిల్లలు ఈ ప్రశ్నను పట్టుకున్నాక 'స్లీపింగ్ చైల్డ్', 'స్లీపింగ్ బ్యాగ్' లాంటి జంటలను తామే వెతుక్కుంటారు.

అసలు ఈ విభజనే అక్కర్లేదన్నవారూ ఉన్నారు. 2002లో వచ్చిన కేంబ్రిడ్జ్ వ్యాకరణంలో హడిల్‌స్టన్, పుల్లమ్ ఈ రెండింటినీ కలిపి 'జెరండ్ పార్టిసిపుల్' అన్న ఒక్క పేరు పెట్టారు. రూపంలో ఎక్కడా తేడా లేని వాటికి రెండు పేర్లెందుకని, మధ్యలో ఉండి ఎటూ తేలని ఉదాహరణలు చాలా ఉన్నాయని వారి వాదం. ఇంగ్లీషు వరకు ఆ వాదం బలమైనదే. కానీ తెలుగు నుంచి వచ్చేవాడికి 'చేయడం' వేరు, 'చేస్తున్న' వేరు, 'చేస్తూ' వేరు. అతని తలలో ఇప్పటికే ఉన్న గదులను చెరిపేసి ఒకే గది చేయడం కంటే, ఏ గదిలోది ఏ 'ఇంగ్' అన్నది గుర్తుపట్టించడమే దగ్గరి దారి. పరీక్షలు కూడా పాత పేర్లనే అడుగుతున్నాయి.

చదివిన అమ్మాయి, చదివిన పుస్తకం

తెలుగు క్రియాజన్య విశేషణం చేసే గారడీ ఇంగ్లీషు పార్టిసిపుల్‌కు చేతకాదు. 'చదివిన అమ్మాయి' అంటే అమ్మాయి చదివింది. 'చదివిన పుస్తకం' అంటే పుస్తకాన్ని ఎవరో చదివారు. 'మేము కూర్చున్న బల్ల', 'ఆమదాలవలసలో మేము దిగిన రైలు', 'వాడు కోసిన కత్తి' అని దేనికైనా అదే రూపం తగిలిస్తాం. నామవాచకం ఆ పనిలో కర్తా, కర్మా, పనిముట్టా, చోటా అన్నది విన్నవాళ్ళు గ్రహించుకోవాల్సిందే.

ఇంగ్లీషు ఈ ఊహను విన్నవాళ్ళకు వదలదు. నామవాచకం పని చేస్తుంటే 'ఇంగ్', దాని మీద పని జరిగితే 'ఈడీ' లేదా దానికి సమానమైన మూడో రూపం. ఈ రెండూ కాకపోతే పార్టిసిపుల్ పనికిరాదు, 'ది బెంచ్ వుయ్ శాట్ ఆన్' అని పూర్తి ఉపవాక్యం రాసి, చివర ఆ 'ఆన్'ను మర్చిపోకుండా పెట్టాలి. 'ది ట్రైన్ వుయ్ గాట్ ఆఫ్' దగ్గర 'ఆఫ్' కూడా అలాంటిదే. తెలుగులో విభక్తి మాయమైపోతుంది కాబట్టి మన పిల్లల రాతలో మొదట ఎగిరిపోయేది ఈ చివరి చిన్న మాటే. 'ఫాలెన్ లీవ్స్', 'రిటైర్డ్ టీచర్' లాంటి కొన్ని మాత్రం ఈ లెక్కకు లొంగవు. ఆకులు తామే రాలాయి, మాస్టారు తామే రిటైరయ్యారు, అయినా మూడో రూపమే వచ్చింది.

స్థానం సంగతి కూడా చూడాలి. పలాస జీడిపప్పును 'రోస్టెడ్ కాషూస్' అన్నప్పుడు ఒంటరి పార్టిసిపుల్ ముందు నిలబడింది. పొందూరు ఖాదీకి పత్తిని వాలుగ చేప దవడతో ఏకుతారు. 'వాలుగ చేప దవడతో ఏకిన పత్తి' అని తెలుగులో ఎంత పొడవైన వర్ణనైనా ముందే చేరుస్తాం. ఇంగ్లీషులో పార్టిసిపుల్‌కు తోక పెరగగానే అది నామవాచకం వెనక్కి వెళ్ళిపోయి 'కాటన్ కోంబ్డ్ విత్ ది జా ఆఫ్ ఎ ఫిష్' అవుతుంది. 'ఫిష్ జా కోంబ్డ్ కాటన్' అని హైఫన్లతో కూర్చవచ్చు గానీ, అది పత్రికల శీర్షికలకే బాగుంటుంది.

నాగావళి వాన కురిసిందా?

'లేచి, మొహం కడుక్కుని, టీ తాగి, బస్సెక్కి, శ్రీకాకుళం వెళ్ళి, సరుకులు కొని ఇంటికొచ్చాడు' అన్న వాక్యంలో ఆరు క్త్వార్థకాలు, ఒక్క సమాపక క్రియ ఉన్నాయి. తెలుగు చెవికి ఇది హాయిగా ఉంటుంది. ప్రతి 'చేసి'నీ 'హావింగ్ డన్' చేస్తే ఇంగ్లీషు వాక్యం ఆరు మెట్ల మీద జారిపడుతుంది. ఇంగ్లీషువాళ్ళు ఇక్కడ 'హీ గాట్ అప్, వాష్డ్, హాడ్ హిజ్ టీ' అని సమాపక క్రియలనే వరసగా పేర్చి, చివరిదానికి ముందు 'అండ్' చేరుస్తారు. ఒక పని పూర్తిగా ముగిశాకే మరొకటి మొదలైందని నొక్కి చెప్పాల్సినప్పుడు మాత్రమే 'హావింగ్' అవసరం పడుతుంది.

క్త్వార్థకానికీ సమాపక క్రియకూ కర్త ఒకరే ఉండాలన్నది తెలుగులో సాధారణ నియమం, ఇంగ్లీషు పార్టిసిపుల్‌కూ అదే నియమం. తేడా ఏమిటంటే తెలుగు దీన్ని కొంత సడలిస్తుంది. 'వానలు కురిసి నాగావళి పొంగింది' అంటే ఎవరికీ అనుమానం రాదు. దాన్ని 'హావింగ్ రెయిన్డ్ హెవిలీ, ది నాగావళి ఓవర్‌ఫ్లోడ్' అని రాస్తే కురిసింది నాగావళే అని అర్థం వస్తుంది. 'ఆఫ్టర్ హెవీ రెయిన్స్' అని పార్టిసిపుల్‌ను వదిలేస్తే గొడవ తీరుతుంది. 'రోడ్డు మీద నడుస్తుంటే పాము కరిచింది' అన్నదాన్ని 'వాకింగ్ ఆన్ ది రోడ్, ఎ స్నేక్ బిట్ హిమ్' అని రాసినప్పుడు నడిచింది పాము అవుతుంది. 'చేస్తూ' అనకుండా 'చేస్తుంటే' అని మనం ఎందుకంటామో ఇక్కడ పిల్లలను అడగాలి. కర్త మారినప్పుడు తెలుగు రూపం మారుస్తుంది, ఇంగ్లీషు 'వైల్ హీ వజ్ వాకింగ్' అని కర్తను బయటికి లాగుతుంది.

'ఐ యామ్ బోరింగ్' గురించి రెండు మాటలు చాలు. 'నాకు బోర్ కొడుతోంది' అన్నప్పుడు నేను కర్తను కాను, నా మీద ఏదో జరుగుతోంది, కనుక 'బోర్డ్'. బోర్ కొట్టించేది సినిమా అయితే సినిమా 'బోరింగ్'. పుస్తకం, పత్తి దగ్గర చెప్పుకున్న సూత్రమే ఇది.

తెలుగుతో పోల్చి చెప్పాలా?

ఇంతసేపూ తెలుగును పక్కన పెట్టుకుని చెప్పిన పద్ధతినే తప్పుపట్టేవారు ఉన్నారు, వారి అభ్యంతరాన్ని పట్టించుకోవాలి. ఇంగ్లీషు తరగతిలో తెలుగు వినిపిస్తే పిల్లలు ఎప్పటికీ తెలుగులో ఆలోచించి మార్చుకుంటూనే ఉంటారని, వ్యాకరణం వివరించడం కంటే పని ఇచ్చి భాషను వాడనివ్వడమే మేలని వారంటారు. 1979 నుంచి 1984 వరకు బెంగళూరు, మద్రాసు ప్రాంతాల బడుల్లో ఇంగ్లీషు బోధనా నిపుణుడు ఎన్.ఎస్. ప్రభు నడిపిన ప్రాజెక్టు ఈ దారిలోదే. అక్కడ వ్యాకరణ పాఠం లేదు, టైం టేబుళ్ళు, పటాలు చూసి లెక్క తేల్చే పనులే ఉన్నాయి. భాష మీద కాక అర్థం మీద మనసు పెడితే వ్యాకరణం దానంతటదే స్థిరపడుతుందన్నది ఆ నమ్మకం. రెండో వైపు వారు, పిల్లవాడికి వచ్చిన భాష మెట్టు అవుతుందే గానీ అడ్డు కాదంటారు. 1863లో శ్రీకాకుళం ప్రాంతంలోనే పుట్టిన గిడుగు రామమూర్తి సవర పిల్లలకు సవరలోనే చదువు చెప్పాలని బడులు పెట్టించినప్పుడు ఆయన పట్టుకున్నది ఈ కొసనే, కాకపోతే అక్కడ సమస్య వేరు.

నేను ఒక సంవత్సరం తెలుగు మాస్టారితో మాట్లాడుకుని, ఆయన ప్రత్యక్ష, పరోక్ష కథనాలు చెప్పే వారంలోనే రిపోర్టెడ్ స్పీచ్ పెట్టుకున్నాను. ఆయన 'నేను' పోయి 'తాను' రావడం చూపించిన మర్నాడు, నేను ఆ 'తాను'నే 'హీ' చేయించాను. 'వస్తాను' ఎందుకు మిగిలిందో, 'విల్' ఎందుకు మిగలకూడదో పిల్లలు వాదించుకున్నారు. అంతా బాగానే సాగుతుండగా ఒకడు 'డాక్టరుగారు తాను సోమవారం రానని చెప్పారు' అన్న వాక్యాన్ని పట్టుకొచ్చాడు. డాక్టరు ఆడా, మగా? తెలుగులో 'తాను' చెప్పదు, 'గారు' చెప్పదు, 'చెప్పారు' కూడా చెప్పదు. ఇంగ్లీషులో 'హీ'నో 'షీ'నో ఎంచుకోకుండా వాక్యం కదలదు. 'దే' అని ఏకవచనంగా వాడవచ్చని చెబితే, ఒక్కరే డాక్టరు కదా అన్నారు ముందు బెంచీవాళ్ళు. గౌరవానికి మనం ఒక్కరినే 'వారు' అనడం లేదా అని వెనక బెంచీ నుంచి జవాబు వచ్చింది. బెల్లు కొట్టేసరికి బోర్డు మీద మూడు వాక్యాలు ఉన్నాయి, వేటినీ ఎవరూ తుడవలేదు.